పొర 417

రాత్రి షిఫ్టు, మారతహళ్ళి, మూడో అంతస్తు.
బ్రిటన్ తవ్వకాల్లో ఎవరో
బురద చేతులతో రాసుకున్న కాగితాలు
నేనిక్కడ టైపు చేస్తాను,
కాగితానికి నాలుగు రూపాయలు.

పొర 417: తడి నల్లమట్టి. బొగ్గు.
ఆల్చిప్పలు పదకొండు.
చిన్నపిల్ల తోలుచెప్పు, ఎడమది.
మడమ లోపలివైపు అరిగింది.

రోమన్ సైన్యాలూ కోటగోడలూ వేరే ఫైల్లో ఉన్నాయట,
అవి లలితాంబ చూస్తుంది.
నాకు వచ్చింది
రెండువేల ఏళ్ళ కింద
కాలు కాస్త ఈడ్చి నడిచిన ఒక పిల్ల.

'ఎడమ' దగ్గర వేలు ఆగింది.
మా చిన్నదానికీ అంతే,
ముందు అరిగేది ఎడమదే.

తెల్లారి కిందికి దిగితే మెట్రో గుంత.
జేసీబీ ఒక్క పట్టుకి
ఎర్రమట్టి, కుండపెంకులు, ఎవరిదో గాజుముక్క
అన్నీ లారీలోకి.

"ఏ పొర అణ్ణా?" అడిగాను.
"కస" అన్నాడు.
మా సీమలోనూ కసువే అంటాం.