మూడు వేళ్ల ఖాళీ

నవంబరు మొదటి సోమవారం
వంటబల్ల మీద ఏడాది మొత్తాన్నీ పరుస్తాను.
యాభై రెండు ఆదివారాలు, యాభై రెండు గళ్లు.
ఆగమనకాలానికి ఊదా సిరా.
ఈస్టరు గడి కాస్త వెడల్పు.
గొర్రెల ఉన్ని తీసే వారానికి మాత్రం
అర పేజీ చాలు,
మనసులన్నీ కొండ మీదుంటాయి.

ముందే రాయకపోతే ఇక్కడ కుదరదు.
నాకు నాలుగు దీవులు, నాలుగు చర్చిలు, ఒక్క పడవ.
ఫారో సముద్రం చలికాలంలో
ఏ పాస్టరు మాటా వినదు.
పడవ రాని ఆదివారం
టెర్నువిక్‌లో గంట కొట్టి,
నేనెప్పుడో పంపిన కవరు చించి
సున్నివా చదువుతుంది.
డెబ్బై ఒక్కేళ్ల మనిషి.
చేపల గిడ్డంగిలో లెక్కలు రాసి రిటైరైంది.
ఒక్క సున్నా ఎక్కువైనా ఊరుకోదని పేరు.

పదేళ్లుగా అనుకుంటూ వచ్చాను,
నాకంటే ముందే నా మాట అక్కడికి చేరుతోందని,
దేవుడి పనిలో నా అంత ముందుచూపు ఎవరికుందని.
(గర్వమే.
ఆ పాపానికీ ఒక ఆదివారం కేటాయించాను, ఆగస్టులో.)

మొన్న మార్చిలో పడవ నడిచింది.
చర్చి బీరువాలో, కొవ్వొత్తి ముక్కల వెనక
నా పాత ప్రసంగాలన్నీ దొరికాయి,
ఉన్ని దారంతో కట్టి.
పేజీ పేజీకీ పెన్సిలు.

విత్తనాలు చల్లే రైతు దగ్గర
గోధుమలు కొట్టేసి ఆలుగడ్డలు నాటింది.
తప్పిపోయిన గొర్రె దగ్గర, అంచున:
'తొంభై తొమ్మిదింటిని ఊరికే వదిలి ఎవరూ పోరు.
కాపలాకి కుక్క ఉందని చెప్పాలి.
లేకపోతే మనవాళ్లు మిగతాది వినరు.'
కృప అన్న మాట పద్నాలుగుసార్లు రాశాను,
పదకొండు ఎగిరిపోయాయి.
మూడు రాత్రులు చెక్కిన వాక్యం పక్కన
రెండే ముక్కలు: 'పొడవు. ఊపిరాడదు.'

ముఖం వేడెక్కింది.
నల్లతారు పూసిన గోడల మధ్య నేనొక్కణ్ణే.
కిటికీలోంచి ఒక గొర్రె
నన్ను చూస్తూ నెమరేసింది.

ఇంతలో ఫిబ్రవరి రెండో ఆదివారం చేతికొచ్చింది.
క్షమాపణ గురించి.
రాసినప్పుడు నా కళ్లే చెమర్చినది.
ఒక పేజీ మొత్తానికి అడ్డంగా గీత.
కింద, ఖాతా పుస్తకంలో రాసినంత పొందిగ్గా:
'ఈవేళ మూడో బెంచీలో బెయినిర్ కూచున్నాడు.
వాళ్ల తమ్ముడు అవతల గోడ పక్కన.
తొమ్మిదేళ్లకి ఇద్దరూ ఒక కప్పు కిందికొచ్చారు.
ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతారు.
బదులుగా కీర్తన రెండుసార్లు పాడాం.'

నవంబరులో, నా బల్ల మీద,
ఆ బెంచీలో ఎవరూ లేరు.

ఆమె ఇంట్లో కాఫీ తాగుతూ అడిగాను,
ఒక్కసారైనా చెప్పొచ్చు కదా అని.
'మీరు అడిగారా?' అంది, ఎండుమాంసం పల్చగా కోస్తూ.
తర్వాత జాలిపడిందేమో,
'మీరు రాసేది వాతావరణ సూచన లాంటిది, పాస్టరుగారూ.
అదీ కావాలి.
కానీ వల పట్టుకుని బయల్దేరేముందు
ఎవరో ఒకరు తలుపు తీసి చూడాలిగా.'

ఈ నవంబరులోనూ ఏడాదిని పరిచాను.
గళ్లు మానలేదు. మానితే
శనివారం రాత్రి పన్నెండింటికి నేనేం రాస్తానో
నాకు తెలుసు.
ప్రతి పేజీకీ కుడివైపు
మూడు వేళ్ల ఖాళీ వదిలాను.
ఫిబ్రవరి రెండో ఆదివారం గడిలో
అంశం రాయలేదు,
ఇద్దరి పేర్లు రాసుకున్నాను, చిన్నగా.
కవరులో ఒక కొత్త పెన్సిలు కూడా పెట్టాను.

తర్వాతి పడవకే తిరిగొచ్చింది పెన్సిలు,
చిన్న చీటీ చుట్టి:
'నా దగ్గరుంది.'