పట్టీలో ఒక్క రంధ్రం

తౌనో దగ్గర పాత స్నోమొబైల్ కొన్నాను మార్చిలో,
ఇనారి సరస్సు ఇంకా ఇనుములా ఉండగానే.
"బండి బంగారం," అన్నాడు.
"సరస్సే మంచిది కాదు.
ఏటేటా గతుకులు ఎక్కువవుతున్నాయి."
అంటూ ఓ చేత్తో నడుం పట్టుకుని
మెట్టు మీద పక్కవాటుగా కూర్చున్నాడు, సగమే.

మొదటిరోజు వలల దాకా వెళ్లొచ్చాను,
ఏడు కిలోమీటర్లు.
గాలి చెక్కిన మంచుగట్ల మీద
బండి నన్ను చేటలో వేసి చెరిగింది.
ఇంటికొచ్చి ఫ్లాస్కు ఊపితే
కాఫీలో గాజుముక్కలు గలగలమన్నాయి.

ఆ రాత్రి షెడ్డులో
బండి తోక పట్టుకుని పైకెత్తాను,
స్ప్రింగులు పూర్తిగా ఊపిరి వదిలేదాకా.
నేల నుంచి బంపరుకి టేపు పెట్టి ఒక కొలత.
చలికోటు, బూట్లు, హెల్మెట్ అన్నీ తొడుక్కుని
ఎక్కి కూర్చున్నాక ఇంకో కొలత.
టేపు పట్టుకున్న మా తమ్ముడు యౌని
"నిజంగా కూర్చున్నావా?" అన్నాడు.
కూర్చున్నాను.
స్ప్రింగుకే ఆ సంగతి తెలీలేదు.
నాలుగు వేళ్లు దిగాల్సింది
గోరంత దిగింది.

టార్చి వేసి చూస్తే
వెనక కామ్‌లు రెండూ ఆఖరి మెట్టున బిగిసి ఉన్నాయి.
పదకొండు శీతాకాలాల కిందట
నూటపదిహేను కిలోల తౌనోకీ
అతని వెనక స్లెడ్జి నిండా బిర్చ్ కట్టెలకీ
బిగించిన బిగింపు అది.
తర్వాత మనిషి చిక్కాడు.
కట్టెల పొయ్యి తీసేసి హీటరు పెట్టుకున్నారు.
బిగింపుకి మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు,
అది లేని బరువునే మోస్తూ
ఉన్న నడుముని విరగ్గొడుతూ వచ్చింది.

స్పార్క్ ప్లగ్ పానా వేసి తిప్పాను. కదల్లేదు.
హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేశాను,
బతిమాలాను, తిట్టాను,
చివరికి యౌని కాలేసి తంతే టక్కుమంది.
గ్రీజు ఎక్కించిన చోటల్లా
జలుబు ముక్కులా ఎర్రటి తుప్పునీళ్లు కారాయి.
పనిలో పని అని
ముందు పట్టీ కూడా ఒక రంధ్రం వదులు చేశాను.

తప్పంతా అక్కడే.

తెల్లారి బండి మెత్తగానే పోయింది గానీ
హ్యాండిల్ ఎడమకి తిప్పితే
స్కీలు మంచు మీద తేలుతూ
నాకేం సంబంధం అన్నట్టు సూటిగా పోయి
రెల్లుగడ్డిలో దూరాయి.
రెండూ ఒక్కసారే మార్చినదాన్ని,
మెత్తదనం దేనిది, మొండితనం దేనిదని
ఎవర్ని అడగను?
వేళ్లు కొయ్యబారుతుండగా అక్కడే మోకాళ్ల మీద కూర్చుని
పట్టీని దాని పాత రంధ్రంలోకి లాగాను.
మళ్లీ అదే గట్టు, అదే వేగం, అదే మలుపు.
ఈసారి తిరిగింది.
ఒక్కసారికి ఒక్కటే మార్చాలని
నాకు రెల్లుగడ్డి నేర్పింది.

శనివారం తౌనోని వెనక ఎక్కించుకున్నాను.
"నెమ్మదిగా పోనీ పిల్లా, నా నడుం!" అని
కిటికీలోంచి చూస్తున్న లెంపికి వినపడేలా అరిచి
తర్వాత మాట్లాడలేదు.
వలల దగ్గర దిగి
వచ్చిన దారిని వెనక్కి తిరిగి చూస్తూ
చాలాసేపు నిలబడ్డాడు.
"సరస్సుకి ఏం చేశావు?" అన్నాడు.

జవాబు చెప్పేలోపు గర్వం వచ్చింది నాకు.
తిరుగుదారిలో, ఇద్దరం, పదహారు కిలోల చేపలు,
రేవు ముందు చివరి గట్టు మీద
తోక ధన్‌మని నేలకి కొట్టింది.
చేపలు కూడా ఎగిరాయి.
తౌనో నడుం పట్టుకున్నాడు, పట్టుకునే
కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

హుడ్డు లోపలివైపు పెన్సిల్‌తో రాసిపెట్టాను:
నేనొక్కదాన్నే: ఒకటో మెట్టు.
చేపలతో: రెండు.
తౌనోతో: మూడు.

మొన్న హుడ్డు ఎత్తితే
కింద ఇంకో గీత కనిపించింది, వంకర చేతిరాతలో:
తౌనో, చేపలు రెండూ ఉంటే
తౌనో నడవాలి.