సుద్దగీత పడవ

పెనుమూరు రోడ్డులో చెంగల్రాయుడి వెల్డింగు షాపు ముందు
సిమెంటు నేల మీద రెండు పడవలు గీసినాడు, సుద్దముక్కతో.
ఒకటి ఆరు డ్రమ్ములది, ఎనిమిదడుగులు.
ఇంగొకటి పది డ్రమ్ములది, పద్నాలుగు.
"ఎక్కి చూడండి" అన్నాడు.

ఎక్కినాం.
చెప్పులు గీత బయటే విడిచి, నడినెత్తి ఎండలో,
నేను, మా ఆయన దొరస్వామి, పిల్లోళ్ళిద్దరూ, మా అత్త.
చిన్నదాంట్లో మోకాలికి మోకాలు తగిలింది,
క్యారియరు పెట్టేదానికి చోటు లేక చిన్నోడి ఒళ్ళో పెట్టినాం.
పెద్దదాంట్లో ఈ కొసనుంచి ఆ కొసకి
"మంచినీళ్ళ సీసా ఇట్లియ్యి" అని అరవాల్సొచ్చింది.

గోడకానుకొని నీలం డ్రమ్ములు.
గుజ్జు ఫ్యాక్టరీవి. మూత తీస్తే ఇంకా తోతాపురి వాసన.
మొన్న కాయల కాలంలో మా లోడు
ఆ ఫ్యాక్టరీ గేటు ముందే మూడు రాత్రులు
ట్రాక్టర్లోనే మాగి, కారి,
కిలో నాలుగు రూపాయలకి పోసొచ్చినాం.
ఒట్టి డ్రమ్ము ఎనిమిదొందలంట.
"లోపలిది చవక, పైది ప్రియం" అని నవ్వినాడు మా ఆయన.
నాకు నవ్వు రాలేదు.

మరి పడవెందుకంటారా?
వాయుగుండం వానలకి నీవా పొంగి డ్యాము నిండింది.
నీళ్ళంటే ట్యాంకరే అనుకునే మా పాప
కట్ట మీద నిలబడి, చాలాసేపు చూసి,
"మా, ఇదంతా ఎవరు పోసినారు?" అనింది.
ఆ రాత్రే నేను చీటీ పాడేసినా,
తోపుడు తోసి, ఎంత పోయినా పోనీ అని.

చీటీ డబ్బు ఆరు డ్రమ్ములకి సరిగ్గా సరి.
పదింటికంటే నా కమ్మలు దిగాల.
చిన్నదైతే ట్రైలర్లో పడతాది,
పెద్దది మా సందు మలుపులో
కుళ్ళాయప్ప మిద్దె మెట్లకి కొట్టుకుంటాది.
అంతా చిన్నదాని వైపే ఉంది.

అత్త మాత్రం పెద్ద పడవ అంచున చతికిలబడి
వేళ్ళు మడస్తా ఉంది.
"మనం ఐదుగురం. మునెమ్మోళ్ళు నలుగురు."

మునెమ్మ నా ఆడబిడ్డ.
తోపు హద్దురాయి కాడ మాటలు పోయి నాలుగేండ్లు.
మా ఆయన గీతలోంచి దిగి చెప్పులేసుకున్నాడు.
"పిలిస్తే వస్తాదా అది?"
"చోటు పెట్టకుండా పిలిస్తే యెట్లొస్తాది" అనింది అత్త.

ఎవరం ఏం మాట్లాడలా.
లోపల గ్రైండింగు రాయి తిరుగుతా ఉంది.

చెంగల్రాయుడు చెయ్యి తుడుచుకుంటా వచ్చినాడు.
"ఆరుకే కడతా. ఈ పక్క చట్రానికి
నాలుగు బోల్టు బెజ్జాలు వదులుతా.
కావల్సినప్పుడు ఇంగో నాలుగు డ్రమ్ములు తగిలించుకోండి."
"బెజ్జాలకి ఎంత?" అన్నాడు మా ఆయన.
"బెజ్జాలకి ఏముందన్నా, డబ్బులు!"

ఆదివారం నీళ్ళ మీదికి పోయినాం.
మోకాలికి మోకాలు. చింతపండు పులిహోర.
పాప డ్రమ్ము మీద చెయ్యేసి వాసన చూసుకుంది,
చిన్నోడు కొంగల్ని లెక్కపెట్టి పద్దెనిమిది కాడ తప్పినాడు.
మా ఆయన తెడ్డేస్తా అవతలి గట్టు వైపు,
మునెమ్మోళ్ళ ఊరి వైపు, చూడకుండా చూస్తా ఉన్నాడు.

అత్త బెజ్జాల పక్కనే కూర్చోనుంది.
గాలికి అవి సన్నగా ఈల వేస్తా ఉంటే
ఒకదాంట్లో చిటికెనవేలు దూర్చి, తిప్పి, తీసి
వేలికొస ఎర్రగా ఉందేమో చూసుకుని,
"తుప్పు పట్టకుండా నూనె పుయ్యాల" అనింది.