ఏడు వందల యాభై పేజీలు

మొదటాయన నా దుకాణానికే వచ్చిండు
కరపత్రం జిరాక్సుకు.
"తొంభై రోజుల్ల పది కిలోమీటర్లు, గ్యారంటీ."
నూరు కాపీలు తీసుకుంట నూరుసార్లు చదివిన.
పేజీకి పావలా తగ్గించుమన్నడు.
తగ్గించిన. ఆయన దగ్గరికి మాత్రం పోలే.

రెండో ఆమె హైదరాబాద్‌ల ఉంటది, ఫోన్‌ల దొరుకుతది.
చార్టు పంపింది, సోమవారం పచ్చ, గురువారం ఎరుపు.
నా ఆయాసం ఎట్లుంటదో
ఆమె చెవిన ఒక్కనాడు పడలే.

ఓదెలు సార్ పింఛను కాయితం పట్టుకొని వచ్చిండు.
కాజీపేటల గ్యాంగ్‌మన్ చేసి దిగిండట,
స్పోర్ట్స్ కోటా, ఐదు వేల మీటర్లు.
ఇది ఆయన చెప్పలే, కాయితం చెప్పింది.
మిషన్ వేడెక్కేదాక ఊకె నిలబడి
గడప కాడ విడిసిన నా చెప్పులు చూసిండు.
"ఎడమది లోపలి దిక్కు అరిగింది బిడ్డా.
ఎవరి నడకనో జిరాక్సు తీస్తున్నవ్."

ఆ రాత్రి చెప్పు తిరగేసి చూసుకున్న.
బీడీల గంప ఎడమ నడుముకు ఆనిచ్చి
కార్ఖానకు పోయేది మా అమ్మ.

ఎంత సార్ అంటే
రోడ్డు దిక్కు చూసిండు, హన్మకొండ బస్సు పోయేదాక.
"నెలకు పదిహేను వందలు."
పన్నెండు అన్న, నోటి అలవాటు.
"పైసలియ్యకుంటే నువ్వు రావు.
ఊకెనే అంటే నేను రాను.
పదిహేనే. మొదటి నెల నడుసుడే."

నడిచేటందుకు పైసలా!
మా ఆయన అన్నం కలుపుకుంట నవ్విండు:
"కుక్క ఎంటబడితే ఫిరీగనే ఉరుకుతవు గదా."
నేను లెక్క వేసిన.
పేజీకి రెండు రూపాయలు,
ఏడు వందల యాభై పేజీలు.
కరెంటు, ఇంకు తీస్తే ఇంకా ఎక్కువే.

పొద్దుగాల ఐదింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు.
కండ్లు మూసుకొని గట్టు మీద కూసుంటడు,
నా అడుగుల చప్పుడు వింటడు.
"కుడిది అరుస్తుంది. ఎడమది గొణుగుతుంది.
రెండూ మాట్లాడాలె."
కానిస్టేబుల్ పరీక్ష పోరగాళ్లు గాలి లెక్క దాటిపోతరు,
ఒకడు "అక్కా, సైడు" అంటడు.
నలభై రెండేండ్లు. సైడు ఇస్త.

జూన్‌ల అడ్మిషన్లు మొదలైనయి.
మెమోలు, కులం సర్టిఫికెట్లు, ఆధార్లు,
రాత్రి పదకొండు దాక మిషన్ ఆగలే.
ఐదు పొద్దులు పోలే. ఫోన్ చెయ్యలే.
ఆరోనాడు మొఖం చెల్లకనే పోయిన,
ఆ ఐదు దినాలు ఫీజుల పట్టుకొమ్మందామని కూడా
లోపల ఒక మూలకు ఉండె.

నోటుబుక్కు నా చేతిల పెట్టిండు.
వచ్చిన దినాల పక్కన నిమిషాలు:
పదకొండు, పదమూడు, పదిహేడున్నర.
రాని దినాల పక్కన
పట్టాలు పరిచినట్టు తిన్నటి అక్షరాలు:
నిలబడ్డ.
నిలబడ్డ.
వాన. నిలబడ్డ.
నిలబడ్డ.
నిలబడ్డ.

ఆ పేజీ జిరాక్సు తీసుకున్న.
రెండు రూపాయలు గల్లాల నేనే వేసిన.