నాలుగో మైకు

నాలుగు మైకులు తెచ్చిన.
మూడింటికి జాగ దొరికింది.

ఎనుమాముల యార్డుల ఎనిమిదో నంబరు షెడ్డు.
పొద్దంతా మిర్చి కాంటా అయిన నేల,
ఎంత ఊడ్చినా సిమెంటు పగుళ్లల్ల ఎరుపు పోదు.
నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టిన.
రేకుల మీదికెల్లి నాలుగు మాట్ల తిరిగొచ్చింది
అప్పిచ్చినోడు వాకిట్లకు వచ్చినట్టు.

మోయిన్ పోయి హమాలీలతోని మాట్లాడిండు.
నలభై నిండు బస్తాలు
మూడు దిక్కుల గోడలెక్క పేర్చిండ్రు.
కూలి ముట్టలే, కథ ఇంటమన్నరు.
మోత సగం సచ్చింది.
మిగిలిన సగం షెడ్డుది,
దాన్ని ఉండనిచ్చిన.

గట్టుమల్లు డోలుకు జానెడు దూరంల మొదటిది.
ఒక్క దెబ్బకు మీటరు ఎర్రగ మండింది.
మూరెడు జరిపిన. బారెడు జరిపిన.
గట్టుమల్లు పుల్లను చెవి మీద చెక్కుకొని నవ్విండు:
"డోలు పక్కన కూసొని ఇనేది కాదు బిడ్డా,
మూడూర్ల అవుతలికి పిలుపు పంపేది."

కొమురెల్లి ముందట పెట్టింది
ఎదురుంగున్నోని మాటనే ఇంటది,
ఎనకున్నోడు దానికి లేనట్టే.
కంపెనోడు కాయితం మీద దాని చెవిని
గుండెకాయ బొమ్మలెక్క గీసిండు.
ఏం అనుభవముతో గీసిండో.

కొమురెల్లి ఒక్క కాడ నిలువడాయె.
ఒక గిర్రకు మల్లన్న, మరో గిర్రకు మేడలమ్మ.
మల్లన్న అడిగింది మైకుల పడ్డది
మేడలమ్మ జవాబు మిర్చి బస్తాలల్ల పడ్డది.
మోయిన్ నిచ్చెనెక్కి
ఇంకో మైకు దూలానికి కట్టిండు.
రెండు మాటలు ఒక్క ఇంట్లకొచ్చినయి.

నాలుగోది చేతుల్నే ఉన్నది.

అప్పుడు చూసిన రాజకొంరమ్మను.
యార్డుల తాలుకాయ ఏరే మనిషి.
మడిచిన గోనె సంచి ఒకటి తెచ్చుకున్నది.
ఈడ కూసున్నది, లేసింది.
ఆడ కూసున్నది, తలకాయ జర ఒంచి, మళ్లీ లేసింది.
మూడో కాడ, స్తంభానికి ఆనుకొని,
కుడి చెంప కథ దిక్కు తిప్పి
ఇగ కదల్లే.
ఎడమ చెవి ఎప్పుడో పోయిందట.
ఉన్న ఒక్క చెవికి
డోలు, గొంతు, తాళం మూడూ సరితూకంగ అందే జాగ
ఆమె పది నిమిషాలల్ల దొరకబట్టింది.
నేను పొద్దటిసంది తిరుగుతున్న.

"అవ్వా, నీ పక్కన ఒక స్టాండు పెట్టుకుంట?"
"పెట్టుకో. నా చూపుకు అడ్డం రానియ్యకు."

రాత్రి రెండింటికి, ఆట ఊపుల,
నేలల ఎరుపు లేసింది.
కొమురెల్లి గొంతుల మిర్చి పడ్డది.
మాట తెగింది.
డోలు ఆగలే, పదం కోసం సూసుకుంట
అదే దెబ్బ తిప్పి తిప్పి కొట్టింది.
షెడ్డంత దగ్గు.
దూరంగ కాజీపేట దిక్కు గూడ్సుబండి,
దాని దిక్కు ఏ మైకూ తిప్పలే, అయినా వచ్చింది.

మూడు మైకులల్ల ఆ నిమిషం అంతే,
దగ్గు, డోలు, బండి.

నాలుగో దాంట్ల మాత్రం
సన్నగ, సుతి మీద,
తెగిన కాడికెల్లి పదం అందుకున్న రాజకొంరమ్మ.
రెండు చరణాలు.
కొమురెల్లి నీళ్లు తాగి వచ్చి
ఆమె ఇడిసిన కాడ పట్టుకున్నడు.

వారం దినాలకు హెడ్‌ఫోన్లు పట్టుకొని పోయిన.
చెవులకు పెట్టుకొని జర సేపు ఇన్నది.
"డోలేది? గట్టుమల్లు రాలేదా ఆ దినం?"
డోలును నేను ఎడమకు తోసిన.

ఇంటికొచ్చి ఇంకో కాపీ చేసిన.
డోలు, తాళం, మల్లన్న, మేడలమ్మ,
దగ్గులు, గూడ్సుబండితో సహా
అందరిని కుడి దిక్కుకు తెచ్చి కూసోబెట్టిన.
ఇరుకయింది.
కానీ ఎవరు ఎవరి మీద పడలే.