వల ముడి

మా వీధిలో స్టార్టవని ప్రతి స్కూటరూ డకోటాయే.
అసలు డకోటాని చూడటం మాత్రం
గాజువాక ఆటోనగర్ వెనక, ఆ గోడౌన్లోనే మొదలు.
రెక్కలు విప్పి పక్కన పడుకోబెట్టారు.
పొట్ట చీల్చి, లోపలిదంతా కడిగి
ఎండకి పెట్టిన వంజరం చేపలా ఉంది.

నన్ను పిలిచింది కుర్చీల కోసం.
కంచరపాలెంలో మూతపడ్డ సినిమా హాలుకి
బాల్కనీ సీట్లు చివరిసారి కుట్టింది నేనే.
ఇరవై ఒక్క కుర్చీలు, ఎర్ర ముఖమల్,
తల ఆనేచోట తెల్లగుడ్డ, అంచుకి లేసు.
"దొరల కాలం విమానంలా ఉండాలమ్మా" అన్నాడు యజమాని.

లోపల ఇంకా పట్టాళమే ఉంది.
గోడల వెంట రెండువైపులా రేకు బల్లలు,
కిటికీకి వీపు పెట్టి
ఎదుటివాడి మోకాళ్లు చూస్తూ కూర్చునే బల్లలు.
పైన వరసగా కొక్కేలు.
ఎందుకివని అడిగితే
దాలినాయుడు పలకలేదు.
పన్నెండేళ్లు దాని కడుపులో సరుకు కట్టిన మనిషి,
ఎనభై దాటాడు.
సాయంత్రం టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు:
"స్ట్రెచర్లవి. మూడంతస్తులు."

నేల పలకలు ఎత్తితే
ఒక ఇత్తడి గుండీ,
గుప్పెడు బియ్యం, పురుగు కూడా ముట్టనంత పాతవి.
"తుపాను బియ్యం."
ఏ తుపానండీ?
"ఏదో ఒకటి. తలుపులోంచి మూటలు తన్నేవోళ్లం.
కింద మనుషులు చీమల్లాగ...
కాదు. చీమలు పరిగెడతాయి.
ఆళ్లు నడుంలోతు నీళ్లలో నిలబడ్డారు."
యజమాని ఊడ్చేయమన్నాడు. ఊడ్చాను.
సందుల్లో ఇరుక్కున్న గింజలు కొన్ని రాలేదు.
నేనూ గట్టిగా ప్రయత్నించలేదు.

తోక సంగతి ఆ తర్వాత తెలిసింది.
ఇంత రేకు పక్షికి
తోక చుక్కాని మీద మాత్రం గుడ్డే చర్మం!
ఎముకలకి గుడ్డ తొడిగి, మైనపు దారంతో బిగించి
పైన మందు పూయాలి. గోళ్లరంగు వాసన.
కుట్టేవాడు బెంగళూరు నుంచి రావాలి.
వస్తున్నాడు, వస్తున్నాడు, రాలేదు.
దాలినాయుడు చిరిగిన పుస్తకం తెరిచాడు.
బొమ్మలో దారం బద్దని చుట్టి, కిందనుంచి పైకొచ్చి
తన మీద తనే పడి బిగుసుకుంటోంది.
నవ్వాగలేదు నాకు.
"ఇది మాయమ్మ ముడి బాబూ, వల ముడి.
జాలారిపేటలో ఏడేళ్ల గుంట ఏస్తాది.
సీకట్లో ఏస్తాది."
రెండు వేళ్లతో లాగి చూశాడాయన.
"ఎంత బరువాపుతాది?"
"సేప తెగించి కొట్టుకున్నా వల పక్కన సిరుగుతాది,
ముడికాడ కాదు."

పదకొండు రోజులు.
నెత్తిమీద నేవీ విమానాలు ఉరుముతూ పోయినా తలెత్తలేదు.
ఉప్పుగాలికి దారం బిగిసేది, వేలు తెగేది.
ఆరో రోజుకి
అమ్మ తిట్లు కూడా వరసలో గుర్తొచ్చాయి.

కుర్చీలు బిగించాక
ఫొటోకి దాలినాయుడిని కూర్చోబెట్టారు.
ముఖమల్లోకి కూరుకుపోయాడు పాపం.
కాసేపటికి, తనకే తెలీకుండా తిరిగాడు:
కిటికీకి వీపు, మోకాళ్లు దారిలోకి,
చూపు ఎదుటి వరస మీద.
"తాతా, ముందుకి" అన్నాడు ఫొటో కుర్రాడు.
రెండుసార్లు అన్నాడు.
కొక్కేలన్నీ కోసేశారు, ఒక్కటి తప్ప.
దాని మీదుగా కర్టెన్ కుట్టేశాను.
ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎగిరిన రోజు నేను జాలారిపేట ఇసుకలో ఉన్నాను.
టికెట్టు నా రెండు నెలల కూలి మరి.
డాల్ఫిన్ నోస్ వైపు నుంచి వచ్చింది
పెళ్లికూతురులా మెరుస్తూ, మిల్లులా మోగుతూ.
పిల్లలంతా రెక్కల్ని చూసి కేకలు.
నేను తోకనే చూశాను.
చుక్కాని కొంచెం పక్కకి ఒరిగింది. ఒంటరిగా, గాలి మొత్తానికీ ఎదురుగా.
విమానం సముద్రం మీదికి మళ్లింది.

పక్కన వల బాగుచేస్తున్న మా పిన్ని
తల ఎత్తకుండానే అడిగింది:
"జారిందేటే?"

"నేదు" అన్నాను.