నాలుగున్నరకి తెరుస్తారు

ఒంగోల్లో పార్కు గేటు నాలుగున్నరకి తెరుస్తారు.
మా కాలనీకి ఆఖరి బస్సు అయిదుంబావుకి.
మధ్యలో ముప్పావుగంట.
గేటు నించి బస్టాండుకి ఇరవై నిమిషాల నడక,
కెజియా కాళ్లతో అయితే ఇరవై అయిదు.
నాకు లెక్కలు రావు గానీ
ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా
ఇరవై నిమిషాలే మిగులుద్ది.

మొన్న ఆదివారం పోయాం.
చీమకుర్తి రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు,
క్వారీ లారీలు లేపిన తెల్లదుమ్ములో,
పిల్ల మొహానికి నా పైట చుట్టి.
కండక్టరమ్మ ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టింది.
ఆడోళ్లకి డబ్బుల్లేవు, సంతోషమే.
బస్సులు కూడా సున్నాకి దగ్గరేనని
టికెట్టు మీద అచ్చెయ్యలేదు.
ఏలియా రాలేదు.
ఆయనకి పోనూ రానూ చార్జీలు గదా,
ఇంటికాడే దగ్గుతా ఉండిపోయాడు.

మధ్యాహ్నం దిగి
గేటు బయట, మూసేసిన జిరాక్సు కొట్టు నీడలో
రెండు గంటలు కూర్చున్నాం.

తెరిచారు.
కెజియా గడ్డి మీద అరచెయ్యి పెట్టి
అటూ ఇటూ రుద్ది చూసింది.
"దీన్ని ఎవురు పాలిష్ చేశారు అమ్మమ్మా?"

నేను బెంచీ మీద చెయ్యేశా.
నల్లరాయి. లోపల చుక్కల మెరుపు.
మా రాయే.
మిషను ముందు పదకొండేళ్లు నిలబడ్డ చేతికి
ఎవురూ చెప్పక్కర్లా.
క్వారీలో లారీ ఎక్కి
ఎక్కడా బస్సు మారకుండా
తిన్నగా వచ్చి ఈ చెట్టు కింద కూర్చుంది.
వెనక్కి పోవాల్సిన పని లేదు దానికి.

ఉయ్యాలకి వరసలో
మా ముందు ఇద్దరు పిల్లలు ఉండంగానే టయిమయింది.
కెజియా ఏడవలేదు.
అది ఏడ్చినా బాగుండేది.

డిపోకి పోయి అడిగాం.
మాకు పార్కు కట్టమని కాదు,
ఉన్న బస్సునే ఏడింటికి పంపమని,
పోతా పోతా ఆ గేటు ముందు ఆపమని.
"ఆ రూట్లో ఎక్కేవాళ్లు లేరమ్మా" అన్నాడాయన.
బస్సే లేని చోట
ఎక్కేవాళ్లని ఎట్టా లెక్కేశారో!
మా జయప్రద గట్టిగానే అడిగింది.
కాయితం పెట్టుకోండి, చూద్దాం అన్నాడు.

పెట్టాం.
ముప్పై ఏడు సంతకాలు, పన్నెండు వేలిముద్రలు.
ముద్రల్లో కొన్ని సరిగా పడలా.
గీతల్లేకుండా ఉత్త నల్లమరకలు.
రాయి నున్నబడ్డప్పుడే
మా వేళ్లూ నున్నబడ్డాయి.

వాటిని కూడా మనుషుల కిందే లెక్కెయ్యమని
అడుగున ఇంకో ముక్క రాయించాం.